ఇంట్లో వడ్రంగి గది: ముందు కర్రా ప్లైవుడ్డా తేల్చుకోండి, మిషన్ సంగతి తర్వాత

హనుమకొండలో మా మేడ మీద 10 బై 10 గది ఒకటి ఖాళీగా ఉండేది. అందులో వడ్రంగి సామాను పెట్టుకోవాలని సరదా పుట్టి, మొట్టమొదట నేను కొన్నది 10 అంగుళాల టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చే రంపం మిషన్. ట్రాలీ ఆటోలో తెప్పించి, ఇద్దరం పట్టుకుని మెట్లెక్కించాం. వారం తర్వాత 8 బై 4 ప్లైవుడ్ షీటు తెచ్చి దాని ముందు నిలబెట్టినప్పుడు గానీ లెక్క అర్థం కాలేదు. షీటు పొడవు 8 అడుగులు. రంపం దాటి అవతలికి పోవడానికి ఇంకో 8 అడుగులు కావాలి. గది మొత్తం 10. మా ఇంటి తలుపులు చేసిన వడ్ల పెద్దాయన చూసి నవ్వాడు. "మిషన్ మంచిదే సారూ, మరి గోడ ఎప్పుడు పలగ్గొడ్తున్నవ్?" అన్నాడు. ఏడాది తిరగకముందే సగం ధరకు అమ్ముకున్నాను.

ఇప్పుడు ఎవరైనా "ఏ మిషన్ కొనమంటారు?" అని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మీరు పని చేయబోయేది కర్రతోనా, ప్లైవుడ్‌తోనా? పీటలు, స్టూళ్ళు, ఉయ్యాల బల్ల, పూజా మందిరం చేయాలనుకుంటే అది కర్ర పని. చదును చేయడం, ఉలితో తొలవడం, అతుకులు బిగించడం అందులో ముఖ్యం. అల్మారా, కిచెన్ డబ్బాలు, టీవీ యూనిట్ అనుకుంటే అది ప్లై పని. అక్కడ నిటారుగా కోయడం, మూలలు గునియాకు (90 డిగ్రీల మూల చూసే మట్టం) సరిగ్గా రావడం, స్క్రూలు సరిగ్గా పడటం చాలు. స్థలం, బెంచీ, రంపం, కరెంటు అన్నీ ఈ ఒక్క జవాబును బట్టి మారతాయి. "రెండూ చేస్తా" అని అందరూ అంటారు, నేనూ అన్నాను. మొదటి ఏడాదికి మాత్రం ఒకటే ఎంచుకోండి.

ఎక్కడ పెట్టుకోవాలి

మన దగ్గర మామూలుగా ఉండే చోట్లు నాలుగు: డాబా మీద రేకుల షెడ్డు, కింద స్టిల్ట్ పార్కింగ్, ఇంట్లో ఒక గది, వరండా లేదా వెనక దొడ్డి.

డాబా షెడ్డు చూడటానికి బాగుంటుంది. గాలి, వెలుతురు ధారాళం. కానీ మే నెలలో వరంగల్ ఎండ 43, 44 డిగ్రీలకు పోతుంది, రేకు కింద పొద్దున 9 దాటితే నిలబడలేం. మనిషి సంగతి అలా ఉంచండి, తెల్ల జిగురు పూసి రెండో ముక్క అందుకునేలోపే పొర కడుతుంది. బ్యాటరీ డ్రిల్లులు వాడేవాళ్ళకు ఇంకో చిక్కు. లిథియం బ్యాటరీలను 40 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగ్ పెట్టొద్దని కంపెనీలే చెబుతాయి, కొన్ని చార్జర్లు అసలు ఎక్కించవు. రేకు మీద తెల్ల కూల్ పెయింట్ వేస్తే వేడి కొంత తగ్గుతుంది. ఇవన్నీ సర్దుకున్నా, 18 ఎంఎం ప్లై షీటు 30 కిలోల పైన ఉంటుంది. దాన్ని ఇరుకు మెట్ల మలుపుల్లో తిప్పడం ఒక్కసారి చేస్తే రెండోసారి చేయరు. కాబట్టి డాబా చిన్న చిన్న కర్ర పనికి పనికొస్తుంది, ప్లై పనికి కాదు.

స్టిల్ట్‌లో షీటు ఆటో దిగి నేరుగా లోపలికి వస్తుంది. సొంత ఇల్లయితే ఇదే సుఖం. అపార్ట్‌మెంట్ అయితే మొదటి ఆదివారమే పొట్టు ఎవరి కారు మీద పడిందో ఫోన్ వస్తుంది. పల్లంలో ఉన్న కాలనీ అయితే వరద లెక్క కూడా వేసుకోండి. 2023 జులై చివర్లో పడిన వానకు హనుమకొండ, వరంగల్‌లలో ఎన్నో కాలనీల ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. ప్లగ్గులు నాలుగడుగుల ఎత్తున పెట్టించండి, మోటారున్న సామాను ఏదీ నేల మీద ఉంచకండి.

ఇంట్లో గది చేతి పనిముట్లకు తప్ప దేనికీ వద్దు. సన్నటి దుమ్ము తలుపు మూసినా వంటింటి దాకా వెళుతుంది.

నా ఓటు వరండాకే. పనిముట్లు లోపల అల్మారాలో ఉంటాయి. చక్రాల బల్లను పొద్దున బయటికి లాగి, పని అయ్యాక లోపలికి తోసేస్తాం. పొడవుకు అడ్డు ఉండదు, పొట్టు గాలికి పోతుంది. వానాకాలంలో జల్లు కొట్టే వైపు ఒక టార్పాలిన్ కట్టుకుంటే చాలు. అందంగా కనిపించదు, మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ అంటుంది.

కోతకు ఏది

డబ్బు ఎక్కువ పోయేదీ, వేళ్ళు ఎక్కువ పోయేదీ ఇక్కడే. అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

మన ఊళ్ళలో ఏ ఇంటి పనిలో చూసినా వడ్రంగి చేతిలో ఉండేది 4 అంగుళాల మార్బుల్ కట్టర్. దానికి కర్ర కోసే బ్లేడు బిగించి, బల్ల కింద తిరగేసి బిగించి, అదే టేబుల్ సా అనిపిస్తారు. చౌక, తేలిక, ఎక్కడైనా రిపేరు అవుతుంది. వాళ్ళు వాడుతున్నారు కదా అని మనమూ కొంటాం. కానీ అది రాయి కోయడానికి పుట్టిన మిషన్. నిమిషానికి దాదాపు 13,000 చుట్లు తిరుగుతుంది. చేత్తో పట్టుకుని కర్ర కోసే 7 అంగుళాల సర్క్యులర్ సా తిరిగేది 5,000 చుట్లకు అటూఇటుగా. రాయి బ్లేడుకు పళ్ళుండవు, అరగదీస్తుంది అంతే. కర్ర బ్లేడుకు పళ్ళుంటాయి, కర్ర కాస్త బిగిసిందంటే అవి పట్టుకుని మిషన్‌ను వెనక్కి విసురుతాయి. సర్క్యులర్ సాకు కింద స్ప్రింగుతో మూసుకునే గార్డు ఉంటుంది, కోత అవగానే అదే పళ్ళను కప్పేస్తుంది. మార్బుల్ కట్టర్‌కు అది లేదు. పైగా అది కోసే లోతు ఒకటిన్నర అంగుళం కూడా ఉండదు. 7 అంగుళాల సర్క్యులర్ సా రెండున్నర అంగుళాల దాకా దిగుతుంది. రోజూ పదేళ్ళుగా పట్టుకున్న చేతికి దాని గుణం తెలుసు. ఆదివారం ఆదివారం పట్టుకునే చేతికి తెలియదు. యాంగిల్ గ్రైండర్‌కు కర్ర బ్లేడు బిగించడం ఇంతకంటే ఘోరం. దాని గురించి ఎవరు ఏ సలహా ఇచ్చినా వినకండి.

ప్లై పనికి నేను చెప్పేది 7 అంగుళాల సర్క్యులర్ సా, దానికి మీరే చేసుకున్న ఒక గైడు. 6 ఎంఎం ప్లై పట్టీ ఒకటి 8 అడుగుల పొడవు, అడుగు వెడల్పు తీసుకోండి. దాని మీద ఒక అంచు వెంట 12 ఎంఎం ప్లై పట్టీని వంకర లేకుండా అతికించండి. సాను ఆ పట్టీకి ఆనించి ఒకసారి పొడవునా నడిపితే, కింది ప్లైలో మిగిలిన భాగం తెగిపోతుంది. ఇక ఆ తెగిన అంచే మీ కోత గీత. పెన్సిల్ గీత మీద దాన్ని పెట్టి, రెండు చివరలా క్లాంపు (పట్టి బిగించే పనిముట్టు) వేసి కోయడమే. షీటు కింద రెండంగుళాల థర్మాకోల్ పరిచి నేల మీదే కోస్తే బల్ల కూడా అక్కర్లేదు. మోకాళ్ళు నొప్పి పుడతాయి, అంతే. ఈ గైడుతో నేను కోసిన అల్మారా పక్కలు, అమ్మేసిన టేబుల్ సాతో ఎన్నడూ అంత నిటారుగా రాలేదు.

టేబుల్ సా ఎవరికి? ఒకే కొలత పట్టీలు పదుల కొద్దీ కోయాల్సినవాళ్ళకు, రంపానికి ముందూ వెనకా తొమ్మిదేసి అడుగుల ఖాళీ ఉన్నవాళ్ళకు. కొంటే రంపం వెనక నిలబడే చీలిక రేకు ఉన్నదే కొనండి. కోసిన కర్ర మళ్ళీ మూసుకుని బ్లేడును పట్టకుండా ఆపేది అదే. షాపులో డబ్బాలోంచి తీసి బిగించి చూపించమనండి. చాలామంది దాన్ని మొదటి రోజే ఊడదీసి పారేస్తారు.

ఇంకో దారి కూడా ఉంది, గర్వం అడ్డొచ్చి ఎవరూ ఒప్పుకోరు గానీ. పెద్ద షీట్లు కోసే ప్యానెల్ సా ఉన్న ప్లైవుడ్ షాపు దొరికితే కొలతల చీటీ ఇచ్చి అక్కడే కోయించుకోండి. ఏడాదికి రెండు మూడు అల్మారాలు చేసేవాడికి సొంత రంపం కంటే అదే లాభం. కర్ర విషయంలోనూ అంతే. దుంగలో పలకలు తీయడం, మొదటి చదును చేయడం సా మిల్లుకు వదిలేయండి. పెద్ద ప్లేనింగ్ మిషన్ ఇంట్లో పెట్టుకునే సరుకు కాదు.

చేతి పనిముట్లు

కర్ర పని ఎంచుకున్నవాళ్ళకు అసలు గది ఇదే. ఒక ఇనుప రందా (పుస్తకాల్లో చిత్రిక అని రాస్తారు), అర, ముప్పావు, అంగుళం ఉలులు మూడు, సన్న పళ్ళ రంపం ఒకటి, గునియా, గీత గీసే గేజి, కొయ్య సుత్తి, సాన రాయి. వీటితో స్టూలు చేయవచ్చు, మందిరం చేయవచ్చు. మొత్తం కలిపినా ఒక చిన్న టేబుల్ సా ధరకు చేరదు.

కర్ర రందా కొనాలా, ఇనుపదా? మన పాత వడ్లవాళ్ళ కర్ర రందా చేతికి తేలిక, వాటం తెలిసినవాడికి దాన్ని మించింది లేదు. కానీ బ్లేడు సరిచేయాలంటే సుత్తితో ముందూ వెనకా తట్టాలి, ఆ తట్టు అలవడటానికి నెలలు పడుతుంది. ఇనుప రందాకు స్క్రూ తిప్పితే చాలు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇనుపదే. ఒక హెచ్చరిక: చౌక ఇనుప రందా అడుగు కొత్తదైనా చదునుగా ఉండదు. గ్రానైట్ షాపుకెళ్ళి పాలిష్ పట్టిన వ్యర్థం ముక్క ఒకటి అడగండి. కరీంనగర్ గ్రానైట్ ఇంత దగ్గర్లో ఉన్నాక మనకు చదును రాయి కరువా! దాని మీద ఎమరీ పేపర్ అతికించి రందా అడుగును రుద్దండి. ముందు పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసుకుంటే ఎక్కడ అరుగుతోందో, ఎక్కడ పల్లం మిగిలిందో తెలిసిపోతుంది.

సాన పట్టడం నేర్చుకోవడానికి ఓపిక లేకపోతే చేతి పనిముట్ల జోలికి పోకండి. టేకులో సహజంగానే ఇసుక లాంటి సిలికా ఉంటుంది, మొన తొందరగా చస్తుంది. పని మధ్యలో రెండు మూడుసార్లు లేచి సాన పట్టాల్సి వస్తుంది. నూనె రాయి చౌక, కానీ నెమ్మది, మధ్యలో గుంట పడుతుంది. డైమండ్ ప్లేటు ఖరీదెక్కువ, చదును చెడదు. నేను రెండేళ్ళు నూనె రాయితో కుస్తీ పట్టి డైమండ్‌కు మారాను, ముందే మారాల్సింది.

కరెంటు రందా గురించి ఒక్క మాట. పని తొందరగా అవుతుంది. కానీ కొత్త చేతిలో పలక మీద మెట్లు మెట్లు మిగులుస్తుంది, ఆ మెట్లు తీయడానికి మళ్ళీ చేతి రందాయే పట్టాలి.

బెంచీ, క్లాంపులు

షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే మడత బెంచీ డ్రిల్లు వేయడానికి బాగుంటుంది. రందా కొడితే బెంచీయే ముందుకు నడుస్తుంది. వెల్డింగ్ షాపులో యాంగిల్ ఫ్రేము చేయించి పైన రెండు పొరల 18 ఎంఎం ప్లై వేస్తే ప్లై పనికి సరిపోతుంది, చక్రాలు కూడా పెట్టించుకోవచ్చు. కర్ర పనికి మాత్రం బరువు కావాలి. పాత ఇళ్ళు కూల్చేచోట దొరికే దూలాలు రెండు పక్కపక్కన బిగిస్తే అంతకు మించిన బెంచీ ఉండదు. నాది వేప దూలాలతో చేసింది, నలుగురు లేకుండా కదలదు. ఎత్తు మీ మణికట్టు దగ్గరికి రావాలి, చాలామందికి 32 నుంచి 34 అంగుళాలు. దాని మీద ప్లై కోసేవాళ్ళు ఇంకాస్త ఎత్తు కోరుకుంటారు.

వైస్ (బెంచీకి బిగించి, కర్రను కదలకుండా పట్టేది) కంటే ముందు క్లాంపులకు డబ్బు పెట్టండి. ఎఫ్ క్లాంపులు నాలుగు, పొడవాటి పైపు క్లాంపులు రెండు ఉంటే మొదటి ఏడాది గడిచిపోతుంది. జిగురు పెట్టే రోజున ఎన్ని ఉన్నా ఒకటి తక్కువే పడుతుంది.

కరెంటు

మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల దగ్గర 1,380 వాట్ల దాకా మోస్తుంది. సర్క్యులర్ సా ఒక్కటే 1,200, 1,400 వాట్లుంటుంది. పక్కన వాక్యూమ్ పెట్టారంటే ప్లగ్గు కాలిన వాసన వస్తుంది. 16 ఆంపియర్ల పాయింటు ఒకటి విడిగా, దానికి సొంత ఎంసీబీతో (లోడు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్చు) వేయించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఇంట్లో లేకపోతే ఇప్పుడైనా పెట్టించండి. తడి నేల మీద, రేకుల షెడ్డులో పనిచేసేవాళ్ళకు అది ప్రాణం. పెళ్ళి సీరియల్ లైట్లకు వాడే సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుతో చేయించుకోండి. గాలివానకు కరెంటు పోయిందనుకోండి, మిషన్ స్విచ్చు ముందు ఆపేసి తర్వాత కాఫీకి వెళ్ళండి. నో వోల్ట్ స్విచ్చు లేని టేబుల్ సా కరెంటు రాగానే దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది.

సర్దుకోవడం, తుప్పు, చెద

గోడకు తగిలించాలా, అల్మారాలో పెట్టాలా? వీడియోల్లో గోడ నిండా రంధ్రాల బోర్డు, దానికి వరసగా వేలాడే ఉలులు చూసి మనసు పడతాం. పొడి ప్రాంతాల్లో అది సరే. మన దగ్గర జులై, ఆగస్టుల్లో బయట వేలాడే ఇనుము పది రోజుల్లో ఎర్రబడుతుంది. కొక్కేలకు క్లాంపులు, గునియా, చీపురు తగిలించండి. మొన ఉన్నదేదైనా తలుపున్న అల్మారాలోకి పోవాలి. మిషన్ ఆయిల్ గుడ్డతో ఒకసారి తుడిచి, డబ్బాలో ముద్ద కర్పూరం బిళ్ళలు రెండు వేయండి. వడ్ల పెద్దాయన చెప్పిన చిట్కా ఇది, నాకు పనిచేసింది.

కర్ర మాత్రం నేలకు, గోడకు తగలకుండా బ్రాకెట్ల మీద పడుకోవాలి. మన చల్క నేలల్లో చెద ఎప్పుడొచ్చిందో తెలియదు. ఒకసారి గోడకు ఆనించి నిలబెట్టిన మామిడి పలక పైకి నున్నగానే ఉంది, చేత్తో పట్టుకుంటే లోపల మట్టి.

ఏ కర్ర

టేకు అంటే మనకు మోజు, ఆదిలాబాద్, మంచిర్యాల అడవులు పక్కనే కదా. డిపోలో బల్లార్షా టేకు అని కూడా అమ్ముతారు. నేర్చుకునేవాడు టేకుతో మొదలుపెట్టడం డబ్బు దండగ. వేప గ్రామాల్లో తలుపులకు వాడతారు, చెద తొందరగా పట్టదు, కానీ సరిగ్గా ఆరకపోతే మెలి తిరుగుతుంది. తుమ్మ, నల్లమద్ది చాలా గట్టివి, చేతి పనిముట్లకు పరీక్షే. రబ్బర్ వుడ్ పలకలు ఆరబెట్టి, అతికి, చదును చేసి వస్తాయి. గది చిన్నదైనవాళ్ళకు అదే సులువు, కానీ నీటికి, పురుగుకు ఆగదు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి ఎంత మెత్తనిదంటే పిల్లలకు ఉలి నేర్పడానికి బాగుంటుంది, దాని మీద కూర్చునే స్టూలు మాత్రం చేయలేం.

నేను ఎక్కువగా వాడేది పాత కర్ర. దర్వాజలు, వాసాలు దశాబ్దాల పాటు ఆరి ఉంటాయి, ఇక మెలి తిరిగేది పెద్దగా మిగలదు. పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి దారం కట్టి పలక మీద ఆడించి, మేకులు ఎక్కడున్నాయో చూసుకున్నాకే రంపం పెట్టండి. కొత్త టేకు కొంటే బిల్లు తప్పకుండా తీసుకోండి, అటవీ శాఖ తనిఖీలో అడిగేది అదే.

ఎండాకాలంలో చేసిన వెడల్పు పలక వానాకాలంలో ఉబ్బుతుంది. అడుగు వెడల్పు టేకు పలక మే నుంచి ఆగస్టుకు మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరగవచ్చు. అందుకే తలుపు పలకను గాడిలో వదులుగా పెడతారు, జిగురు పెట్టరు. ప్లైకి ఈ బాధ దాదాపు లేదు. కిచెన్‌కు, బాత్రూం పక్క గోడకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై, మిగతా గదులకు ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే రకం) చాలు.

పొట్టు, చప్పుడు, నూనె గుడ్డలు

మా అమ్మ వాళ్ళింట్లో రంపపు పొట్టు పొయ్యి ఉండేది, సా మిల్లు నుంచి బస్తాలు మోసుకొచ్చేవాళ్ళం. ఆ పొట్టంటే నాకు ముచ్చటే. కానీ సన్నటి కర్ర దుమ్మును ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది, ముక్కు లోపలి క్యాన్సర్ల కారణంగా. చేతి రందా పొట్టు చుట్టలు చుట్టలుగా నేల మీద పడుతుంది, అది పెద్ద ప్రమాదం కాదు. సాండర్ (కర్రను నున్నగా రుద్దే మిషన్), ఎండీఎఫ్ (కర్ర పీచును అదిమి చేసిన పలక) కోత లేపే దుమ్ము వేరు. వరండా, ఎన్95 మాస్కు ఉంటే మొదట్లో చాలు. మూసిన గదిలో సాండర్ వాడేవాళ్ళు మాత్రం గొట్టం తగిలించే వాక్యూమ్ కొనక తప్పదు. సర్క్యులర్ సా చప్పుడు 95 డెసిబెల్స్ దాటుతుంది, చెవులకు మఫ్స్ పెట్టుకోండి. పక్కింటివాళ్ళకు మఫ్స్ ఇవ్వలేం కాబట్టి మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా మా వరండాలో రంపం తిరగదు.

రంగు పనికి వానాకాలం మంచిది కాదు. గాలిలో తేమకు లక్కర్, మెలమైన్ తెల్లబారతాయి. తప్పదనుకుంటే నూనె పూత వేయండి. అవిసె నూనె పూసిన గుడ్డను మాత్రం ఉండ చుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడికే అది అంటుకోగలదు, మన మే నెల ఎండలో మరీను. ఒక్కొక్కటి విడదీసి దండెం మీద ఆరేసి, గట్టిపడ్డాక పారేయాలి. మా ఇంట్లో బట్టలారేసే దండెం చివర రెండు క్లిప్పులు నా గుడ్డలకే, వాటి జోలికి ఇంకెవరూ రారు.